పరగడుపు

సుమయ్యా మొదట పట్టుబడింది ఉప్పు దగ్గర.

జమ్మలమడుగులో వాళ్ల ఇంట్లో పగలంతా ఉన్న ఉపవాసం, రోజా, విప్పేటప్పుడు నాలుక మీద రెండు పలుకుల ఉప్పు వేసుకుని, ఆ తర్వాతే ఖర్జూరం నోట్లో పెట్టుకోవడం ఆనవాయితీ. ఆ ఏడు రంజాన్ మొదలై వారం కూడా కాలేదు. మసీదు సైరన్ మోగింది. ఆడబిడ్డ ఫాతిమా దువా చదువుకుని కళ్లు తెరిచేసరికి, సుమయ్యా ఖర్జూరాన్ని ఉప్పు గిన్నెలో దొర్లించి తింటోంది. ఒకటి అయిపోగానే ఇంకొకటి. ఆ తర్వాత గంజిలో ఒక పిడికెడు వేసి కలుపుకుంది.

"ఏంది దుల్హన్, కడుపులో ఊరగాయ పెడతాండావా?" అంది ఫాతిమా.

"నోరు చప్పగా ఉండాది ఆపా" అని నవ్వబోయింది సుమయ్యా. నవ్వు పూర్తి కాకముందే గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది.

పెళ్లయి ఇరవై ఏళ్లు దాటినా ఫాతిమా ఆమెను పేరు పెట్టి పిలిచింది లేదు. తమ్ముడి భార్య కొత్త కోడలిగా గడప తొక్కిన రోజు ఏమని పిలిచిందో ఈనాటికీ అదే పిలుపు, దుల్హన్ అని. భర్త పోయాక ఫాతిమా పుట్టింటికి తిరిగొచ్చి ఇక్కడే ఉండిపోయింది. తమ్ముడు షాకీర్ కువైట్‌లో డ్రైవరు. షాకీర్, సుమయ్యాల కూతురు ముస్కాన్ పులివెందులలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. అందువల్ల ఆ ఇంట్లో ఏడాది పొడుగునా మిగిలేది ఈ ఇద్దరు ఆడవాళ్లే, వాళ్ల మధ్య ఒక పాత మాట.

సుమయ్యాది వేముల. దూదేకుల ఇల్లు. వాళ్ల నాయన పల్లెపల్లెకూ తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఇంట్లో మాట తెలుగు, పాట తెలుగు, కలలు కూడా తెలుగే. ఉర్దూ మాట్లాడే ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి రంజాన్‌లో, తెల్లారకముందు తినే సెహరీకి రొట్టెలు కాలుస్తూ ఫాతిమా నవ్వుతూనే అడిగింది: "మీ పక్క రోజాలుంటారా, లేకపోతే పీర్ల పండగ చూసొచ్చి సరిపెట్టుకుంటారా?"

అడిగిన మనిషి ఆ పూటకే మరిచిపోయింది. విన్న మనిషి మరిచిపోలేదు. ఆ ఏడు మొదలుకుని సుమయ్యా ఒక్క రోజా వదల్లేదు. ముస్కాన్ కడుపులో ఉన్నప్పుడు విడిచినవి కూడా తర్వాత చలికాలంలో లెక్కగా తీర్చుకుంది. పాత చీరలతో బొంతలు కుట్టడం ఆమె పని. మే నెల ఎండలో రంజాన్ వచ్చినా, నాలుక పిడచగట్టుకుపోయినా, సూది ఆగేది కాదు. ఎవరైనా "రోజాలో కూడా కుడతాండావా?" అంటే ఆడబిడ్డకు వినబడేట్టు "మనకేం కొత్తనా?" అనేది.

అలాంటి మనిషికి ఏడాదిగా ఒంట్లో ఏదో తేడా చేసింది. కూర్చుని లేస్తే కళ్లు చీకట్లు కమ్మేవి. మనిషి సగమైపోయింది. వేళ్ల కణుపులు, మోచేతులు నల్లబడ్డాయి. షాకీర్ వీడియో కాల్‌లో చూసి, "కువైట్ ఎండలో ఉండేది నేను, నల్లబడేది నువ్వా?" అని ఎగతాళి చేశాడు. అరచేతి గీతల్లో గోధుమరంగు నలుపు దిగింది. ఫాతిమా దాన్ని చూసి పాత మెహందీ పోలేదనుకుంది.

ఉప్పు గిన్నె సంగతి బయటపడ్డ మరునాడు మాత్రం ఊరుకోలేదు. సుమయ్యాను ఆటో ఎక్కించి ప్రొద్దుటూరు తీసుకెళ్లింది.

డాక్టర్ హర్షిత వయసులో చిన్నది. మాట నిదానం. సుమయ్యా చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"మెహందీ ఎప్పుడు పెట్టుకున్నారమ్మా?"

"పోయిన ఈద్‌కు పెట్టుకున్న్యా మేడమ్. మళ్లా పెట్టుకోలేదు."

"అయితే ఇది మెహందీ కాదు."

పెదవి పైకెత్తి చిగుళ్లు చూసింది. అక్కడా మచ్చలే. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసింది. నిలబెట్టినప్పుడు అంకె బాగా పడిపోయింది. ఉప్పు తినాలనిపిస్తుందా అని డాక్టరు అడగ్గానే ఫాతిమా నోరెళ్లబెట్టింది, సుమయ్యా తల దించుకుంది.

"మూత్రపిండాల మీద టోపీల మాదిరి రెండు చిన్న గ్రంథులు ఉంటాయి" అని చెప్పింది డాక్టరు. "కార్టిసాల్ అని ఒక హార్మోను వాటిలోనించే వస్తుంది. మనిషి లేచి నిలబడాలన్నా, ఒంట్లో ఉప్పు నిలవాలన్నా ఆ గ్రంథులు పని చేయాల. మీకు అవి సరిగా పని చేయడం లేదేమోనని నా అనుమానం. రేపు పొద్దున ఎనిమిదికి పరగడుపున రక్తం ఇవ్వండి. ఇంత దూరం రానక్కర్లేదు, మీ ఊర్లో ఇచ్చినా సరే. కార్టిసాల్ తక్కువ ఉందని తేలితే ఇంక రోజాలు మానేయాల్సిందే. తేలేదాకా కూడా ఉండొద్దు."

డాక్టరు చెప్పిన దాంట్లో గ్రంథులు, టోపీలు సుమయ్యా చెవికి ఎక్కలేదు. ఒకటే ఎక్కింది. రేపిచ్చే రక్తం తన రోజాల మీద తీర్పు చెప్పబోతోంది.

ఆ రాత్రి నిద్ర లేదు. ఉండొద్దని చెప్పినా సెహరీకి లేచి రెండు ముద్దలు తిన్నది. తేలేదాకా వద్దంటే ఎట్ల, ఇంకా తేలలేదు కదా అని మనసుకు తనే నచ్చజెప్పుకుంది. తెల్లారుజామున ఫజర్ నమాజు అయ్యాక లేవబోతే కాళ్లు మొరాయించాయి.

ఎనిమిది దాటింది. ఫాతిమా వచ్చి మంచం పక్కన నిలబడింది.

"పండుకో. ఈ ఎండలో యాడికని పోతావు? పరగడుపున ఇమ్మన్నారు, అంతే గదా. రోజా ఉన్నోళ్లకు పొద్దుగూకేదాకా పరగడుపే. సాయంత్రం అసర్ నమాజు చేసుకుని నిదానంగా పోదాం."

"రక్తం తీస్తే రోజా పోతాదేమో ఆపా?"

"పోదు. మసీదులో హజ్రత్‌ను అడిగించినా."

బజారు వీధిలో జావేద్ ల్యాబు. వీళ్లు వెళ్లేసరికి మసీదు దగ్గర సమోసాల బండ్లు పెడుతున్నారు. జావేద్ సూది విప్పుతూ, "ఏమన్నా తిన్నారా ఖాలా?" అని ఫాతిమాను అడిగాడు.

"ఏం తింటాం నాయనా, రోజా గదా."

"అట్లయితే మంచిది. పరగడుపే."

అతను మంచివాడే. ఇట్లాంటి అరుదైన పరీక్ష అతని దగ్గరికి ఏడాదికి ఒకటీ రెండూ వస్తాయేమో. చక్కెర పరీక్షలకు అడిగే మాటే దీనికీ అడిగాడు. తీసిన రక్తం పెద్ద ల్యాబుకు పోయింది. మరునాడు మధ్యాహ్నానికి రిపోర్టు ఫోన్లోకి వచ్చింది. హాస్టల్లో ముస్కాన్‌కు ఫోన్ ఉండదు, ఇంక ఇంగ్లీషు చదవగలిగినవాడు షాకీర్ ఒక్కడే కాబట్టి అది వచ్చిన దారినే కువైట్ వెళ్లింది.

కొంతసేపటికి షాకీర్ ఫోన్ చేశాడు. ఫాతిమా స్పీకర్ పెట్టింది. సుమయ్యా గోడ పట్టుకుని నిలబడి వింది.

"ఆపా, దీంట్లో రెండు వరసలు ఉండాయి. పొద్దున తీస్తే ఇంత ఉండాల, సాయంత్రం తీస్తే ఇంత ఉండాలని. మీరు ఎప్పుడు ఇచ్చినారు?"

"అసర్ అయినాక."

"ఆ, అయితే సాయంత్రం వరస చూడాల. మూడు నుంచి పది దాకా ఉండొచ్చంట. దీనికి నాలుగు వచ్చింది. లోపలే ఉండాది. నార్మల్. భయపడే పని లేదు."

నార్మల్ అనే మాట వినగానే సుమయ్యా కళ్లలో నీళ్లు తిరిగాయి. తీర్పు తన పక్కే వచ్చింది.

"డాక్టరమ్మకు ఒక మాట చెప్పొద్దా?" అని ఫాతిమా అడిగింది.

"నార్మలంటే మళ్లా పోవడం దేనికి ఆపా? పండగ కానీ, పోదాం" అంది సుమయ్యా. అంటున్నప్పుడు కూడా గోడ మీంచి చెయ్యి తీయలేదు.

అక్కడినుంచి రోజులు ఒకదాని వెనక ఒకటి గడవలేదు, ఈడ్చుకుంటూ పోయాయి. సుమయ్యా దాచేది, ఫాతిమా చూడనట్టు ఉండేది. పక్క వీధి నాగమ్మ తన కూతురి కాన్పుకని ఒక బొంత ఒప్పజెప్పింది. సుమయ్యా రోజూ వసారాలో దాన్ని పరుచుకుని కూర్చునేది గానీ దారం ముందుకు సాగేది కాదు. వంటింట్లో ఉన్న ఫాతిమాకు ఇరవై ఏళ్లుగా చెవికి అలవాటైన చప్పుడు ఒకటుంది, బిగువైన గుడ్డలోంచి దారం లాగే చప్పుడు. అది ఆగిపోయినప్పుడల్లా గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయేది. మళ్లీ వినబడేదాకా ఊపిరి ఆడేది కాదు. కేకేసి అడగడానికి మాత్రం నోరు రాలేదు. కాగితమే నార్మల్ అని చెప్తుంటే ఏమని అడగాలి?

ఒకనాడు సెహరీ తిన్నదంతా సుమయ్యా కక్కేసింది. నోరు కడుక్కుని, ఏమీ కానట్టు వచ్చి ఫజర్ నమాజుకు చాప పరిచింది. ఫాతిమా పక్కనే తన చాప మీద నిలబడింది. ఇద్దరూ రుకూకు వంగారు, సజ్దాకు దిగారు. ఫాతిమా లేచింది. సుమయ్యా లేవలేదు.

ఏదో పెద్ద మొర పెట్టుకుంటోంది అనుకుంది ఫాతిమా. నిజం చెప్పాలంటే కొంచెం ముచ్చట కూడా పడింది. అంతసేపు నుదురు నేలకు ఆనించి ఉండటానికి తన మోకాళ్లు ఏనాడో ఒప్పుకోవడం మానేశాయి. తన నమాజు ముగించుకుంది. తస్బీ పూసలు తిప్పుకుంది. కిటికీలో వెలుగు వచ్చింది. సుమయ్యా ఇంకా అలాగే ఉంది.

"దుల్హన్."

భుజం మీద చెయ్యి వేసింది. సుమయ్యా అటు పక్కకు ఒరిగిపోయింది. ఒళ్లు చల్లగా, జిగటగా ఉంది.

ఎదురింటి రఫీ ఆటో తీశాడు. ప్రొద్దుటూరు దాకా ఫాతిమా ఒళ్లో సుమయ్యా తల. దారిలో ఒకసారి కళ్లు తెరిచింది. ఫాతిమా నీళ్ల సీసా మూత తీయబోతే, "వద్దు" అని పెదవులు బిగించింది.

"ఇంకొంచెం తొందరగా పోనీ నాయనా."

"ఇంతకంటే పోదు ఖాలా, గుంతలు చూస్తాండావు గదా" అన్నాడు రఫీ. అంటూనే గుంతల్లోంచే పోనిచ్చాడు.

ఆసుపత్రిలో బీపీ చూసిన నర్సు మళ్లీ ఒకసారి పట్టీ చుట్టి చూసింది. రెండోసారి కూడా అదే వచ్చినట్టుంది, పరుగెత్తింది. డాక్టర్ హర్షిత వచ్చి సుమయ్యా ముఖం, చేతులు ఒక్క చూపు చూసింది. ముందు రక్తం తీయమంది. అది ల్యాబుకు పోతుండగానే, రిపోర్టు కోసం ఆగేది లేదు, ఇంజెక్షన్ ఇచ్చి సెలైన్ ఎక్కించమంది.

సూది కనబడగానే సుమయ్యా చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆ మనిషిలో అంత బలం ఎక్కడ మిగిలి ఉందో.

"రోజా" అంది. అది తప్ప ఇంకో మాట రాలేదు. నర్సు చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది.

"మీరు చెప్పండమ్మా" అంది డాక్టరు, ఫాతిమాతో. గొంతు పెంచలేదు గానీ ఆ నిదానం పోయింది. "ఈ సీసాడు ఉప్పునీళ్లు, ఈ మందు ఇప్పుడు పోకపోతే మనిషి దక్కదు."

ఫాతిమా మంచం మీదికి వంగింది.

"విను దుల్హన్. ఒంట్లో బాగలేనోళ్లకు రోజా లేదు. అల్లానే లేదన్నాడు. విడువు."

సుమయ్యా కళ్లు తెరిచింది. చూపు ఎక్కడో ఉంది. మాట మాత్రం తిన్నగా వచ్చింది.

"మళ్లా నువ్వే నవ్వుతావు ఆపా."

ఫాతిమాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఎప్పుడో, రొట్టెలు కాలుస్తూ, పొయ్యి దగ్గర. ఆ మాట తన నోట్లోంచి వచ్చి ఈ పిల్ల ఒంట్లో ఇన్నేళ్లు కాపురం చేసిందా!

"నవ్వితే నా నోట్లో మన్ను పడనీ" అంది. సీసా మూత తీసి, వేళ్లు తడుపుకుని, ఆ నీళ్లు తానే సుమయ్యా పెదవుల మధ్య రాసింది. ఒకసారి, ఇంకోసారి. "ఇదో, నీ రోజా నేను విప్పినా. దీని లెక్క నేను చెప్పుకుంటాలే ఆయనకు. చెయ్యి ఇయ్యి."

చెయ్యి వదులైంది. ఒప్పుకునో, ఓపిక అయిపోయో చెప్పలేం. నర్సు సూది గుచ్చింది.

ఆ తర్వాత చేయగలిగింది ఏమీ లేదు, చూడటమే. ఫాతిమా ఎదురుగా ఉన్న బీపీ మిషన్ అంకెల వైపే చూస్తూ కూర్చుంది. ఎంతుండాలో ఆమెకు తెలియదు. పెరిగితే మంచిదని నర్సు చెప్పింది. పెరిగింది, తగ్గింది, మళ్లీ కొంచెం పెరిగింది.

డాక్టరు వచ్చి పక్కన కూర్చుంది. "రోజాలు ఉండొద్దని చెప్పాను కదమ్మా."

"రిపోర్టు నార్మల్ అన్నారు మేడమ్. మా తమ్ముడు చదివినాడు." ఫోన్ ఇచ్చింది.

డాక్టరు చాలాసేపు చూసింది. "ఈ రక్తం ఎప్పుడు ఇచ్చారు?"

"అసర్ అయినాక. ఐదు గంటలప్పుడు."

"నేను పొద్దున ఎనిమిదికి అన్నాను."

"పరగడుపున అన్నారు మేడమ్. పరగడుపునే ఇచ్చినాం. పచ్చి గంగ ముట్టలేదు."

డాక్టరు ఫోన్ ఒళ్లో పెట్టుకుంది.

"తప్పు ఆ మాటలో ఉంది" అంది. "ఈ పరీక్షకు పరగడుపుతో పనే లేదు. తిని వచ్చినా పర్లేదు. నాకు కావాల్సింది ఖాళీ కడుపు కాదు, పొద్దు. పరగడుపు అంటే అందరూ పొద్దున్నే వస్తారని, అలవాటు కొద్దీ అనేశాను. రోజాల నెల అని గుర్తుండాల్సింది."

"సాయంత్రం ఇస్తే అబద్ధం చెప్తాదా నెత్తురు?"

"అబద్ధం చెప్పదు. మీ ఊర్లో మున్సిపాలిటీ కొళాయి నీళ్లు ఎప్పుడొస్తాయి?"

"పొద్దున."

"సాయంత్రం కొళాయి తిప్పితే?"

"బొట్టు బొట్టు కారతాది. పైపులో మిగిలింది."

"మీ కొళాయి బాగున్నా అంతే, పాడైపోయినా అంతే కదా? సాయంత్రం చూస్తే తేడా తెలుస్తుందా?"

ఫాతిమా తల అడ్డంగా ఊపింది.

"ఈ హార్మోనూ అంతే. బాగున్న మనిషికి పొద్దున నిండుగా వస్తుంది, పొద్దు తిరిగేకొద్దీ తగ్గుతుంది. సాయంత్రం నాలుగు ఉంటే బాగున్నవాళ్లకు కూడా ఉండొచ్చు. అందుకే మీ తమ్ముడు నార్మల్ అన్నాడు. చదివింది సరిగానే చదివాడు. నీళ్లు వదిలే వేళకు బిందె పెట్టి చూడాల, నిండుతుందో లేదో. ఈ రోజు మీరు తెచ్చింది సరిగ్గా ఎనిమిదికి."

సాయంత్రానికి కార్టిసాల్ రిపోర్టు వచ్చింది. ఒకటికి కొంచెం పైన. పొద్దున వేళ ఉండాల్సిన దాంట్లో అది ఏ మూలకూ రాదని డాక్టరు చెప్పింది. ఇంకో హార్మోను రిపోర్టు రావడానికి రెండు రోజులు పట్టింది. అది మాత్రం ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు ఎక్కువ.

"ఒకటి లేకపోవడం ఏంది, ఇంకొకటి పొంగి పొర్లడం ఏంది?" అంది ఫాతిమా.

"నీళ్లు వదిలే మనిషి తల లోపల ఉంటాడు అనుకోండి. కొళాయిలో నీళ్లు రావడం లేదని వాల్వు తిప్పతానే ఉన్నాడు, తిప్పతానే ఉన్నాడు. రెండోది ఆ తిప్పుడు. అది అంత ఎక్కువుందంటే వాడి తప్పేం లేదు, పాడైంది ఈ గ్రంథులే. ఎందుకు పాడైనాయో స్కాన్ తీసి చూద్దాం. ఒళ్లు నల్లబడింది కూడా ఆ తిప్పుడు వల్లే. ఆ నీళ్లు ఇంక మనం బయటినుంచి పోయాల. రోజూ మాత్రల్లో. బతికినంత కాలం, ఒక్క పూట కూడా తప్పకుండా."

మంచం మీద సుమయ్యా దిండుకు ఆనుకుని కూర్చుని వింటోంది. "రోజాలు?" అని అడిగింది.

"ఈ ఏడు ఇంక లేవమ్మా. ఆ తర్వాత సంగతి తర్వాత."

సుమయ్యా గోడ వైపు తిరిగింది. ఫాతిమా ఆమెను చూసి, డాక్టరు వైపు తిరిగింది.

"మాత్రలు ఎప్పుడెప్పుడు మింగాలో చెప్పండి మేడమ్. పరగడుపు అని మాత్రం అనొద్దు. గంట చెప్పండి."

డాక్టరు నవ్వింది. గంటలే చెప్పింది.

ఇంటికొచ్చాక మొదటి మధ్యాహ్నం సుమయ్యా మాత్ర చేత్తో పట్టుకుని తలుపు మూసుకుంది. వసారాలో బొంత కోసం వచ్చిన నాగమ్మ, ఆమెతో ఇంకో ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఫాతిమా తలుపు బార్లా తీసి, గ్లాసుతో నీళ్లు తెచ్చి, అందరికీ వినబడేట్టు అంది:

"ఇదో, తాగు. ఈ ఏడు మా దుల్హన్‌కు రోజాలు లేవు. నేనే మాన్పించినా. విడిచిన ఒక్కోదానికి ఒక్కో పేదోనికి కడుపు నిండా పెడతాండాం. ఎవురికన్నా ఏమన్నా అడగాలనుంటే నన్ను అడగండి."

నాగమ్మ, "బొంత నిదానంగా ఇయ్యిలే సుమయ్యా, కాన్పుకు ఇంకా టైము ఉండాది" అంది. సుమయ్యా తల వంచుకుని మింగింది. ఆ గుక్క దిగడం కష్టమైంది. రోగం కంటే అదే కష్టమైంది.

సాయంత్రం తినడానికి దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచే వేళకు ఆమె పక్కకు తప్పుకోబోయింది. రోజా లేని మనిషికి ఇక్కడేం పని అన్నట్టు. ఫాతిమా పళ్లెం ఎదురుగా జరిపి, "కూర్చో" అంది.

సైరన్ మోగింది. ఫాతిమా ఉప్పు పలుకులు నాలుక మీద వేసుకుంది. గిన్నె సుమయ్యా దగ్గరే ఉంది. సుమయ్యా దాన్ని ముట్టలేదు. గంజి ఒక స్పూను నోట్లో పెట్టుకుని ఆగింది. ముఖం చిట్లించింది.

"గంజిలో ఉప్పు ఎక్కువైంది ఆపా."

ఫాతిమా చెయ్యి నోటి దగ్గరే నిలిచిపోయింది. తర్వాత ఖర్జూరాన్ని నోట్లో పెట్టుకుని మింగేసింది.

"ఇన్నాళ్లూ నీ నోటికి సరిపోయేట్టు వేసి వేసి నా చెయ్యి చెడింది" అంది. "ఇంకొంచెం నీళ్లు పోసుకుని తాగు."